‘ఎందుకో అనిపించింది సార్’ అంటే మార్కులు పడవు: ప్రాక్టికల్ నర్సు పరీక్షతో నా అనుభవం

సెప్టెంబరు వచ్చిందంటే మా వార్డులో సగం బెడ్లు డెంగీ కేసులే. ఆ రాత్రి పదకొండో బెడ్‌లో ముప్పై దాటిన ఒకాయన ఉన్నాడు. జ్వరం మొదలై ఐదో రోజు. సాయంత్రం నుంచి ఒళ్లు చల్లబడింది. వాళ్లమ్మ ముఖం వెలిగిపోతోంది. “జ్వరం ఇడిసింది సిస్టర్. ప్లేట్లెట్లు ఎంతున్నయో చెప్పుర్రి, పొద్దుగాల ఇంటికి పోతం” అంది. పక్కన స్టీలు గ్లాసులో బొప్పాయి ఆకు రసం.

బీపీ చూశాను. 100/84. మెషీన్‌లో ఎర్ర రంగు ఏదీ వెలగలేదు. పై నంబరు వంద ఉంది కాబట్టి ఎవరూ కంగారు పడరు. కానీ నేను అక్కడే నిలబడిపోయాను. ఆయన కాళ్లు పట్టుకుంటే చల్లగా తగిలాయి. కడుపులో నొప్పి అంటున్నాడు, భోజనం తర్వాత రెండుసార్లు వాంతి చేసుకున్నాడు, మంచం మీద కుదురుగా ఉండట్లేదు. డ్యూటీ డాక్టర్‌కు ఫోన్ చేశాను. ఆయన వచ్చి రిపోర్టులు తిరగేసి, పొద్దున 40 ఉన్న పీసీవీ (రక్తం ఎంత చిక్కగా ఉందో చెప్పే నంబరు) రాత్రికి 48 అయిందని చూసి, వెంటనే ఫ్లూయిడ్స్ పెంచి ఐసీయూకు పంపించారు. నాలుగో రోజు ఆ మనిషి నడుచుకుంటూ ఇంటికెళ్లాడు.

మర్నాడు డాక్టర్ గారు అడిగారు: “ఎలా పసిగట్టారు సిస్టర్?”

“ఏమో సార్, ఎందుకో తేడాగా అనిపించింది.”

ఆ మాట చెప్పినప్పుడు గర్వంగానే ఉంది. తొమ్మిదేళ్ల అనుభవం మరి. ఐదు నెలల తర్వాత అదే మాట నన్ను అమెరికా ప్రాక్టికల్ నర్సు పరీక్షలో ముంచింది.

మాది నల్గొండ జిల్లా. నర్సింగ్ డిప్లొమా, అదే జీఎన్ఎం, చదివి హైదరాబాద్ వచ్చాను. మా బ్యాచ్‌లో కొందరు జర్మనీకి, కొందరు గల్ఫ్‌కు వెళ్లారు. నేను అమెరికా అనుకున్నాను, అక్క అక్కడ ఉంది కాబట్టి. అక్కడ రాష్ట్రానికో నర్సింగ్ బోర్డు. రిజిస్టర్డ్ నర్సు కోసం పెట్టిన నా దరఖాస్తు తిరిగొచ్చింది. సైకియాట్రీ క్లాసులూ వార్డు పోస్టింగూ ఒకే కాలంలో జరిగినట్టు నా కాగితాల్లో కనిపించలేదట. ప్రాక్టికల్ నర్సు లైసెన్సుకు ప్రయత్నించమని అక్క చెప్పింది. దీన్నే కాలిఫోర్నియాలో, టెక్సాస్‌లో వొకేషనల్ నర్సు అంటారు. రిజిస్టర్డ్ నర్సు కంటే ఒక మెట్టు కింద. ఆ పరీక్ష పేరు ఎన్‌క్లెక్స్-పీఎన్. ఫీజు 200 డాలర్లు, అమెరికా బయట రాస్తే పైన ఇంకో 150. సెంటర్ మాత్రం హైదరాబాద్‌లోనే ఉంది. చిట్టీ పాడి కట్టాను.

కాగితాల గోల అంతా రాస్తే ఇంకో వ్యాసం అవుతుంది, వదిలేస్తున్నాను.

పరీక్ష 2023 ఏప్రిల్ 1 నుంచి మారింది. అంతకుముందు రాసిన సీనియర్లు ఇచ్చిన నోట్సులు నాకు సగమే పనికొచ్చాయి. ఇప్పుడు కేస్ స్టడీలు వచ్చాయి. ఒక పేషెంట్ కేస్ షీట్ స్క్రీన్ మీద పెడతారు. నర్సులు రాసిన నోట్స్ ఒక ట్యాబ్‌లో, బీపీ పల్స్ ఒక ట్యాబ్‌లో, ల్యాబ్ రిపోర్టులు ఒక ట్యాబ్‌లో. దాని మీద వరసగా ఆరు ప్రశ్నలు. ఆ ఆరూ ఒక నర్సు ఆలోచన నడిచే దారిలోనే ఉంటాయి. ముందు ఇందులో పట్టించుకోవాల్సినవి ఏవో ఏరమంటారు. అవి కలిపి చూస్తే ఏం అర్థమవుతోంది, అందులో ముందు ప్రాణం మీదికి వచ్చేది ఏది, ఏమేం చెయ్యొచ్చు, ఇప్పుడు ఏం చేస్తావు, చేశాక పేషెంట్ మెరుగయ్యాడా లేదా అని దేన్ని బట్టి చెప్తావు. దీన్నే వాళ్లు క్లినికల్ జడ్జ్‌మెంట్ అంటారు. మొదటి మెట్టులో ఏరే ఆ ఆనవాళ్లకు వాళ్ల పేరు ‘క్యూ’. మా రూమ్మేట్ ఆ మాట విని, “క్యూ అంటే రేషన్ షాపు దగ్గర నిలబడేదే కదా అక్కా” అని నవ్వింది. రూములో ఆ మాట అలాగే ఉండిపోయింది. ఇవాళ ఎన్ని క్యూలు పట్టావు అని అడిగేది.

మొదటిసారి చదువు మొత్తం తప్పు దారిలో సాగింది. అమీర్‌పేట్ మైత్రీవనం వైపు తిరిగి, ఒక కోచింగ్‌లో చేరాను. రోజుకు వంద ప్రశ్నలు చెయ్యాలన్నారు. చేశాను. నైట్ డ్యూటీ దిగి మెట్రోలో నిలబడి కూడా ఫోన్‌లో నొక్కుతూ ఉండేదాన్ని. తప్పు పోయిన ప్రశ్న కింద వివరణ ఉంటుంది కదా, చదివి “అవును, తెలుసు” అనుకుని ముందుకెళ్లేదాన్ని. ఆ “తెలుసు” దగ్గరే అంతా పోయింది.

ఫిబ్రవరిలో రాశాను. పాస్‌పోర్టు చూశారు, ఫొటో తీశారు, అరచేతిని స్కానర్ మీద పెట్టించుకున్నారు. రాసి తుడుచుకునే బోర్డు ఒకటి ఇచ్చారు. ఐదు గంటల సమయం. బాత్‌రూమ్‌కు వెళ్లొచ్చు కానీ గడియారం ఆగదు. ప్రశ్నలు తక్కువలో తక్కువ 85, ఎక్కువలో ఎక్కువ 150. మనం సరిగా చెప్తే తర్వాతి ప్రశ్న కాస్త కష్టంగా, తప్పు చెప్తే కాస్త తేలికగా వస్తుంది. మన స్థాయి ఏమిటో కంప్యూటర్‌కు నమ్మకం కుదిరాక ఆపేస్తుంది. ఒకసారి జవాబిచ్చి ముందుకెళ్తే వెనక్కి రాలేం. నాకు 131 దాకా వెళ్లింది. బయటికొచ్చి రోడ్డు మీద ఎండలో నిలబడితే ఏ ప్రశ్నా గుర్తు లేదు.

ఫెయిల్.

ఇంట్లో రెండు రోజులు చెప్పలేదు. తర్వాత ఫెయిలైనవాళ్లకు పంపే రిపోర్టు వచ్చింది. ఏ విభాగంలో పాస్ గీతకు పైన ఉన్నావు, దగ్గర ఉన్నావు, కింద ఉన్నావు అని అందులో ఉంటుంది. మందులు, జబ్బులు, ప్రమాదాలు తగ్గించడం, ఇవన్నీ దగ్గరా పైనా ఉన్నాయి. కింద ఉన్నవి రెండు. ఒకటి పనిని ఎవరు చెయ్యాలో, ఎవరితో చేయించాలో తేల్చే విభాగం. రెండోది మనసుకు సంబంధించిన విభాగం, పేషెంట్‌తో ఎలా మాట్లాడాలి అన్నది. తొమ్మిదేళ్లుగా రోజూ చేసే పనులు ఈ రెండే. నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

మళ్లీ రాయాలంటే కనీసం 45 రోజులు ఆగాలి, ఫీజు మళ్లీ మొత్తం కట్టాలి. నేను నాలుగు నెలలు తీసుకున్నాను.

ఈసారి కోచింగ్‌కు వెళ్లలేదు. చిక్కడపల్లి లైబ్రరీకి వెళ్లాను. అక్కడ చుట్టూ గ్రూప్స్ రాసేవాళ్లు, కానిస్టేబుల్ పరీక్షకు చదివేవాళ్లు. పొద్దున్నే వెళ్తేనే కుర్చీ. నా పక్కన కూర్చునే తమ్ముడు ఒకరోజు నా నోట్‌బుక్ చూసి “మీది ఏ నోటిఫికేషన్ అక్కా?” అని అడిగాడు. అమెరికా నర్సు పరీక్ష అంటే, “దానికి కూడా ఇంత చదవాలా” అన్నాడు. ఏం చెప్పను.

ఆ నోట్‌బుక్కే నా అసలు కోచింగ్. పద్ధతి చాలా మామూలుది. డ్యూటీ దిగాక ఆ రోజు చూసిన ఒక్క పేషెంట్ గురించి రాయాలి. పేరు, బెడ్ నంబరు ఉండకూడదు. ఏం చూశాను, అందులో నన్ను ఆపింది ఏది, ఏమనుకున్నాను, ఇంకా ఏమేం అయి ఉండొచ్చు, ఏం చేశాను, తర్వాత ఏమైంది. “అనిపించింది” అన్న మాట రాయకూడదని నాకు నేనే నిబంధన పెట్టుకున్నాను. అనిపిస్తే, ఏది చూసి అనిపించిందో రాయాలి.

మొట్టమొదట రాసింది ఆ పదకొండో బెడ్ గురించే. రాయడానికి కూర్చుంటే గంటన్నర పట్టింది. 100/84 చూసి ఎందుకు ఆగాను? పై నంబరుకూ కింది నంబరుకూ మధ్య తేడా 16. డెంగీలో అది 20కి తగ్గిందంటే రక్తనాళాల్లోంచి నీరు బయటికి కారిపోతోందని, షాక్ మొదలవుతోందని అర్థం. పీసీవీ పెరగడం కూడా అదే చెప్తుంది, నీరు పోయి రక్తం చిక్కబడింది. జ్వరం తగ్గే రోజుల్లోనే ఈ ప్రమాదం ఎక్కువ. అంటే వాళ్లమ్మ సంబరపడ్డ విషయమే నేను భయపడాల్సిన మొదటి ఆనవాలు. ఆ వార్డులో అందరూ ప్లేట్లెట్ల గురించే అడుగుతారు, ఆ ఒక్క నంబరు వెనకే పరుగులు తీస్తారు. ఆ రాత్రి అసలు కథ ప్లేట్లెట్లలో లేదు. ఇదంతా నాకు తెలుసు. ఎప్పుడో చదివిందే, చేతులకు తెలుసు. కానీ కాగితం మీద రాయమంటే తడుముకున్నాను. కేస్ షీట్‌లో ఆ రాత్రి నేను రాసింది ఏమిటో కూడా గుర్తుంది: బీపీ రాసి, ‘డ్యూటీ డాక్టర్‌కు తెలియజేయడమైనది’ అన్నాను. కాళ్లు చల్లగా ఉన్నాయని రాయలేదు.

చేతులకు తెలిసింది ప్రతిసారీ సరైనదే అయితే ఈ నోట్‌బుక్ అవసరం పెద్దగా ఉండేది కాదు. మూడో వారంలో ఒక కుర్రాడు వచ్చాడు. బైకు మీంచి పడి మోకాలి కింద ఎముక విరిగింది, పిండికట్టు వేశారు. నొప్పి ఇంజెక్షన్ ఇచ్చి గంటన్నర అయినా ఏడుస్తున్నాడు. వాళ్ల నాన్న “వీడు చిన్నప్పటి నుంచి ఓర్చుకోలేడమ్మా” అన్నాడు. కాలి వేళ్లు నెమ్మదిగా పైకి వంచితే అరిచాడు. తిమ్మిరి అన్నాడు. పాదం మీద నాడి మాత్రం అందుతోంది. నేను డాక్టర్‌కు చెప్పమని జూనియర్‌ను పంపి, వాపు తగ్గుతుందని కాలు కింద రెండు దిండ్లు పెట్టాను. డాక్టర్ వచ్చి ముందు ఆ దిండ్లు తీసేశారు, కట్టు విప్పించారు.

ఆ రాత్రి నోట్‌బుక్‌లో రాసుకుంటుంటే సిగ్గేసింది. కండరాల లోపల ఒత్తిడి పెరిగి రక్తం అందకపోవడం అది, కంపార్ట్‌మెంట్ సిండ్రోమ్. దెబ్బకు మించిన నొప్పి, మందుకు లొంగని నొప్పి, వేళ్లు కదిపితే పెరిగే నొప్పి, ఇవి ముందు కనిపిస్తాయి. నాడి పోవడం ఆఖరున. కాలు గుండె కంటే ఎత్తులో పెడితే అక్కడికి చేరే రక్తం ఇంకా తగ్గుతుంది. గుండెతో సమానంగా ఉంచాలి. మామూలు వాపుకు చేసే పనిని అలవాటుగా చేసేశాను. ఆనవాలు పట్టాను, పేరు పెట్టలేదు. పేరు పెట్టి ఉంటే దిండ్లు పెట్టేదాన్ని కాదు. పరీక్షవాళ్లు ఆ ఆరు మెట్లను ఎందుకు విడగొట్టారో నాకు అర్థమైంది ఆ రాత్రే. ఆ కుర్రాడి కాలు దక్కింది. నోట్‌బుక్‌లో ఆ పేజీ మూల మడిచి పెట్టుకున్నాను.

ఇక పనిని పంచే విభాగం. దీనితో నా గొడవ చదువుది కాదు, అహానిది. ప్రశ్న ఇలా ఉంటుంది: నలుగురు పేషెంట్లు, ప్రాక్టికల్ నర్సుకు ఎవరిని అప్పగించాలి? నేను ప్రతిసారీ అందరిలో సీరియస్‌గా ఉన్నవాళ్లను ఎంచుకునేదాన్ని. వార్డులో సీనియర్ సిస్టర్ వెళ్లేది అక్కడికే కదా. అది తప్పు. కొత్తగా చేరినవాళ్లు, పరిస్థితి ఎటు తిరుగుతుందో తెలియనివాళ్లు రిజిస్టర్డ్ నర్సుకు. నిలకడగా ఉండి, రేపు ఎలా ఉంటారో ఊహించగలిగేవాళ్లు ప్రాక్టికల్ నర్సుకు. షుగర్ కొత్తగా బయటపడ్డ మనిషికి ఇన్సులిన్ గురించి మొదటిసారి నేర్పేది రిజిస్టర్డ్ నర్సు. నేర్పినదాన్ని మళ్లీ గుర్తుచేసి, చేయించి చూసేది మనం. చేరిన పేషెంట్‌ను మొట్టమొదట పూర్తిగా పరిశీలించి అంచనా వెయ్యడం వాళ్ల పని. మనం వివరాలు సేకరిస్తాం, తేడా కనిపిస్తే ఆలస్యం చెయ్యకుండా చెప్తాం.

తొమ్మిదేళ్లు వెంటిలేటర్ పేషెంట్లను చూసినదానికి ఇది మింగుడు పడలేదు. అక్కకు ఫోన్ చేసి తిట్టుకున్నాను. “నువ్వు ఎంత చెయ్యగలవో వాళ్లు అడగట్లేదే. ఆ లైసెన్సు మీద ఎంత చెయ్యొచ్చో నీకు తెలుసా అని అడుగుతున్నారు” అంది. ఆ తర్వాత ఆ విభాగంలో నాకు తప్పులు సగానికి పడిపోయాయి.

కిందివాళ్లకు అప్పగించే ప్రశ్నల్లో ఇంకో చిక్కు. మన దగ్గర పేషెంట్ వెనక అటెండెంట్ ఉంటాడు. తినిపించేది, పక్కకు తిప్పేది, మందులు తెచ్చేది, ఆఖరికి భాష రాకపోతే అనువదించి చెప్పేది కూడా అతనే. పరీక్షలో అటెండెంట్ లేడు. అనువాదానికి ఇంటివాళ్లను వాడితే తప్పు, శిక్షణ ఉన్నవాళ్లను పిలవాలి. పక్షవాతం వచ్చి మింగడం కష్టమైన మనిషికి తినిపించే పని ఆయమ్మ స్థాయివాళ్లకు ఇవ్వకూడదు. ఇది చదివిన మర్నాడే వార్డులో ఒక పెద్దాయనకు కోడలు పడుకోబెట్టే ఇడ్లీ పెడుతుంటే చూసి పరుగెత్తాను. ఇన్నాళ్లూ ఎంతమందిని చూసీ చూడనట్టు దాటిపోయానో.

డాక్టర్‌కు ఫోన్ చెయ్యడం అన్నది ఇంకో అలవాటు. జవాబుల్లో అది కనిపిస్తే నా వేలు దానిమీదికే పోయేది. రక్తం ఎక్కిస్తుంటే వణుకు, నడుం నొప్పి అన్నారనుకోండి, ముందు రక్తం ఆపాలి, ఫోన్ తర్వాత. కాన్పైన తల్లికి గర్భసంచి మెత్తగా తగిలితే ముందు దాన్ని మర్దన చెయ్యాలి. షుగర్ 52, మెలకువగా ఉండి మింగగలిగితే ముందు 15 గ్రాముల తీపి, 15 నిమిషాల తర్వాత మళ్లీ పరీక్ష. ఫోన్ చేసేలోపు నా చేత్తో చెయ్యగలిగింది, చెయ్యడానికి నాకు అనుమతి ఉన్నది ఏమైనా ఉందా? ప్రతి ప్రశ్న దగ్గరా ఇది అడుక్కోవడం అలవాటు చేసుకున్నాను. ఏమీ లేకపోతే, ఆ పిండికట్టు కుర్రాడి లాంటి కేసులో, ఫోనే సరైన జవాబు.

మార్కులు వేసే తీరు కూడా ఆలస్యంగా తెలిసింది. సరైనవన్నీ ఎంచుకోండి అనే ప్రశ్నల్లో ఒప్పుకు ఒకటి కలుపుతారు, తప్పుకు ఒకటి తీసేస్తారు. సున్నా కంటే కిందికి పోదు. అంటే అనుమానం ఉన్నవన్నీ నొక్కుకుంటూ పోతే వచ్చినవి కూడా పోతాయి. మొదటిసారి నేను చేసింది అదే. ఏదీ వదలకూడదన్న వార్డు భయం. మెడకు కట్టుకునే బో ఆకారంలో ఉండే ప్రశ్న ఒకటి ఉంటుంది, దాన్ని బో-టై అంటారు. మధ్యలో జబ్బు, ఒకవైపు చెయ్యాల్సిన రెండు పనులు, ఇంకోవైపు గమనించాల్సిన రెండు విషయాలు. అందులో నేను మధ్య గడి ముందు నింపి తర్వాత పక్కలకు వెళ్లేదాన్ని. మధ్యది తేలకుండా పనులు పెడితే మళ్లీ రెండు దిండ్ల కథే.

అన్నిటికంటే కష్టమైంది మాట. ఆపరేషన్‌కు ముందు రోజు ఒకామె “నాకు భయమేస్తోంది” అంటే ఏమంటారు? నేను, మీరు, ఈ రాష్ట్రంలో ఏ సిస్టరైనా అనే మాట ఒకటే: “ఏం కాదులే అమ్మా, భయపడకండి.” పరీక్షలో అది ఖాయంగా తప్పు జవాబు. ఆమె భయాన్ని అక్కడే మూసేసినట్టట. “ఏ విషయం గురించి భయంగా ఉందో చెప్పండి” అని అడగాలి. మొదట నాకు ఇది కృత్రిమంగా తోచింది. వార్డులో ఒకసారి ప్రయత్నించాను. గర్భసంచి ఆపరేషన్‌కు వచ్చిన సూర్యాపేట ఆమెను అడిగితే, ఆమె భయం ఆపరేషన్ గురించి కాదు, మత్తులో ఉన్నప్పుడు పుస్తెలతాడు తీస్తారా అని. తీస్తే ఎవరి చేతికి ఇస్తారని. రెండు రోజుల నుంచి నిద్ర లేదట. ఇంతకుముందు ఎన్నిసార్లు “ఏం కాదులే” అని దాటేశానో. అలాగని ఆ మాట పూర్తిగా మానలేదు. అడగాల్సింది అడిగి, విని, ఆఖరున ఇప్పటికీ అంటాను. మన వాళ్లకు సిస్టర్ నోటివెంట ఆ మాట వినబడకపోతే ఏదో దాస్తోందని అనుమానం.

జూన్‌లో రెండోసారి రాశాను. ముందు రాత్రి ప్రశ్నలేవీ చెయ్యలేదు. మడిచిన పేజీ ఒక్కటి చదివి పడుకున్నాను. కేస్ స్టడీలు వచ్చినప్పుడు ముందు ట్యాబులన్నీ తెరిచి, బోర్డు మీద మామూలుగా ఉన్నవి ఒక పక్క, లేనివి ఒక పక్క గీసుకున్నాను. థైరాయిడ్ ఆపరేషన్ తర్వాత పెదాల చుట్టూ తిమ్మిరి, గొంతు బొంగురు, చేతివేళ్లు కొంకర్లు పోవడం, ఇలాంటి సరుకు ఇంట్లో ఎన్నోసార్లు నోట్‌బుక్‌లో ఏరి ఉన్నాను కాబట్టి చెయ్యి వణకలేదు. అయినా ప్రతి ప్రశ్నా తప్పు చేస్తున్నట్టే ఉంది. పరీక్ష తయారీయే అలాంటిది, మనకు సగం వచ్చీ సగం రాని ప్రశ్నలే వెతికి ఇస్తుంది. 85వ ప్రశ్న నొక్కగానే స్క్రీన్ ఆగిపోయింది. కడుపులో దేవింది. 85 దగ్గర ఆగితే పాసైనా కావచ్చు, మరీ ఘోరంగా ఫెయిలైనా కావచ్చు.

ఎదురుగా ఇరానీ హోటల్‌లో చాయ్ చెప్పి, తాగకుండా చల్లార్చి, ఇంటికొచ్చేశాను. సెలవు ఒక్క రోజే దొరికింది కాబట్టి రాత్రికి డ్యూటీ.

ఫలితం వచ్చింది కూడా డ్యూటీలోనే. దుప్పట్ల గదిలోకి వెళ్లి తలుపు దగ్గరికి వేసి ఫోన్ తెరిచాను. పాస్. అక్కకు అక్కడ ఎంత టైమైందో కూడా చూసుకోకుండా ఫోన్ చేశాను, ఎత్తలేదు. బయటికొస్తే ఆయమ్మ గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. ఆమెకే చెప్పాను ముందు.

“పాసైనవా? మంచిగైంది బిడ్డా” అంది. నా తల మీద చెయ్యి వేసి, తిరిగి వార్డు వైపు చూసి, “ఆరో బెడ్ పెద్దమనిషి సందెకాడ నుంచి మాట్లాడ్తలేడు, ఊకె గోడ దిక్కు జూస్తుండు. సెలైన్ సుత అయిపోవస్తుంది. ఒకపాలి జూడు” అంది.

టార్చ్ తీసుకుని ఆరో బెడ్ దగ్గరికి వెళ్లాను.